తాజ్ మహల్ పక్కన వడ్లగింజ

పోయిన మంగళవారం బడికి ఒక పార్సెల్ వచ్చింది. టేపు కోసి మూత ఎత్తగానే కాలిన చెక్క వాసన గుప్పున కొట్టింది. లేజరుతో కోసిన పలుచటి చెక్క రేకులకు ఆ వాసన ఉంటుంది. అంచులు మాడి ఉంటాయి, పట్టుకుంటే వేళ్లకు మసి అంటుతుంది. లోపల ఒక పేరున్న కోట తాలూకు ముక్కలు, జిగురు సీసా, చీమల బారులాంటి అక్షరాలతో ఒక కాగితం ఉన్నాయి. మా కొత్త టీచరు ముక్కు మూసుకుని, "ఏదో కాలినట్టుంది మేడమ్, వెనక్కి పంపించేద్దామా?" అంది. నేను పెట్టెలోకి వంగి ఇంకోసారి పీల్చాను. అప్పలనరసయ్య మాస్టారైతే పెట్టె తెరవకముందే లోపల ఏముందో చెప్పేసేవారు. కాగితం కిట్టుకు బంక వాసన, ప్లాస్టిక్ కిట్టుకు కొత్త చెప్పుల వాసన, చెక్క కిట్టుకు పొయ్యి వాసన అనేవారు. ఆయనకు చూపు లేదు. కిందటేడు వేసవి మొదట్లో పోయారు. ఆయన గురించి రాయాలని అప్పట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను, ఈ పార్సెల్ వచ్చి కూర్చోబెట్టింది.

మాది తెలుగు రాష్ట్రాలు దాటితే వచ్చే ఇనప గనుల ఊరు బచేలిలో చూపులేని పిల్లల కోసం నడిచే చిన్న బడి. రెండు గదులు, పొడుగాటి వరండా, వెనక హాస్టలు, అంతే. నేను పక్కనే కిరందుల్ క్వార్టర్లలో పుట్టి పెరిగాను. నాన్న శ్రీకాకుళం నుంచి గనిలో మెకానిక్కుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఇంట్లో తెలుగు, బళ్లో హిందీ, సంతలో హల్బీ మాట్లాడుతూ పెరిగినదాన్ని కాబట్టి ఎక్కడైనా నెగ్గుకొస్తానన్న ధీమా నాకు కాస్త ఎక్కువే ఉండేది. చూపులేని పిల్లలకు పాఠాలు చెప్పే శిక్షణ ముగించుకుని సర్టిఫికెట్లు ఫైల్లో పెట్టుకుని ఉద్యోగం కోసం వెళ్లినప్పుడు ఆ ధీమా కూడా వెంటే వచ్చింది.

బడి నడిపే మనిషి అప్పలనరసయ్య గారు. విజయనగరం వైపు నుంచి వచ్చి గనుల డ్రాయింగు సెక్షన్లో ప్లాన్లు గీసే పని చేసేవారట. నలభై దాటాక కంట్లో ఒత్తిడి పెరిగి చూపు కొంచెం కొంచెంగా తగ్గి, చివరికి పూర్తిగా పోయింది. ఉద్యోగం వదిలేశాక ఈ బడి పట్టుకున్నారు. నా ఫైలు అందుకుని, తెరవకుండానే బల్లమీద పెట్టి, "చార్మినార్ చూశావా అమ్మా?" అని అడిగారు. చూశానన్నాను. "ఎలగుంటాదో చెప్పు మరి."

"చాలా పెద్దదండీ. నాలుగు మీనార్లు..."

"చాలా అంటే కొలత కాదమ్మా. నేనిప్పుడు దాని పక్కన నిలబడితే నా తల ఎక్కడికొస్తాది?"

నాకు తెలియలేదు. దాని ముందు గాజులు బేరం చేశాను, ఫొటో దిగాను, అంతకుమించి ఏమీ చూడలేదని అప్పుడు తెలిసింది. ఉద్యోగం రాదనుకున్నాను. "తెలీదు అని చెప్పావు కదా, చాలు. రేపట్నుంచి రా," అన్నారు. నెల గడిచాక కుతూహలం ఆపుకోలేక అడిగితే, అంతకుముందు వచ్చిన ఇద్దరూ మీనార్ల ఎత్తు నోటికొచ్చినంత చెప్పారని నవ్వారు.

పేరున్న కట్టడాల కిట్లు తెప్పించి, ముక్కలు అతికించి, పిల్లల చేతుల్లో పెట్టడం ఆయన పద్ధతి. పుస్తకంలో బొమ్మ ఉన్నచోట మా పిల్లలకు నున్నటి కాగితమే ఉంటుంది. బంకమట్టితో చేసి చూపిద్దామని నేనంటే ఒప్పుకునేవారు కాదు. "మట్టితో నువ్వు చేసేది నీకు గుర్తున్నంత మట్టుకే. కిట్టు చేసినవాడు ఎవడో కూర్చుని కొలిచుంటాడు," అనేవారు. ఆయన జేబులో ఒక ఉక్కు స్కేలు ఎప్పుడూ ఉండేది. ప్రతి సెంటీమీటరు దగ్గరా ఆకురాయితో ఒక గాటు పెట్టించుకున్నారు. బొటనవేలి గోరు ఆ గాట్ల మీద టకటకా పరిగెత్తించి మిల్లీమీటరు తేడా లేకుండా కొలత చెప్పేవారు. నేను కళ్లున్నదాన్ని, రెండుసార్లు చూసుకుని కూడా తప్పు కోసేదాన్ని.

కిట్లు దొరకడం మాత్రం పెద్ద ప్రహసనం. బచేలి బజారులో అలాంటివి ఎవరు పెడతారు? విశాఖ వెళ్లేవాళ్లకు చెప్పి పంపేవాళ్లం, రాయ్‌పూర్ దుకాణాలకు ఫోన్లు చేసేవాళ్లం, తర్వాత తర్వాత ఆన్‌లైన్లో తెప్పించేవాళ్లం. పెట్టె మీద హిందీలో "ఇమారత్ కా నమూనా", అంటే కట్టడం బొమ్మ, అని రాయమని మాస్టారు మరీ మరీ చెప్పేవారు, జాగ్రత్తగా తెస్తారని. కానీ గనుల ఊళ్లో నమూనా అంటే ఒకటే అర్థం, పరీక్షకు పోయే ఖనిజం మచ్చు. కొత్తగా వచ్చిన కొరియర్ అతను ఒకసారి మా పెట్టెను నేరుగా ఖనిజం పరీక్షించే ల్యాబులో ఇచ్చి వెళ్లిపోయాడు. సాయంత్రం అక్కడ పనిచేసే ఒక తెలుగాయన స్కూటరు మీద దాన్ని పట్టుకొచ్చి, "మాస్టారూ, మీ కుతుబ్ మీనార్ మాకు టెస్టింగుకొచ్చింది. ఇనుము శాతం ఎంతని రాయమంటారు?" అన్నాడు. "రాయి బాబూ, దాని పక్కనే తుప్పట్టని ఇనప స్తంభం ఒకటుంది. దాన్ని కూడా కలిపి రాయి," అన్నారు మాస్టారు. ఇక్కడి హిందీలో నమూనాకు ఇంకో అర్థం కూడా ఉంది, తిక్క శాల్తీ అని. క్వార్టర్లలో కొందరు ఆయన్ని చాటుగా నమూనా సాబ్ అనేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. కిట్టు వచ్చిందని ఎవరైనా కబురు చెబితే, "ఒక నమూనా కోసం ఇంకో నమూనా వచ్చిందన్నమాట," అని ఆయనే అనేవారు.

ముత్తె మా బడికి వచ్చిన ఏడాదే ఆయన గుండె వైద్యం కోసం విశాఖ వెళ్లి మూడు నెలలు ఉండిపోవాల్సి వచ్చింది. ముత్తె పదకొండేళ్ల పిల్ల. కొంటా వైపు, భేజ్జి దాటి లోపలికి పోతే వచ్చే చిన్న పల్లె వాళ్లది. ఇంట్లో దోర్లీ మాట్లాడతారు, తెలుగు రాష్ట్రాల సరిహద్దు ఊళ్లు కాబట్టి తెలుగు బాగా వచ్చు. పుట్టుకతోనే చూపు లేదు. ఏ వస్తువు చేతికిచ్చినా మొదటి మాట "ఏంది?" అనేది. మాస్టారు "ఏటి?" అనేవారు. నేను "ఏమిటి?" అనేదాన్ని. ముగ్గురం ఒకచోట చేరితే ఆ మూడు మాటలతోనే పూట గడిచేదని మిగతా పిల్లలు వెక్కిరించేవారు. ముత్తె అడగని ప్రశ్న లేదు. వరండాలో ఎన్ని స్తంభాలున్నాయో, రెండు స్తంభాల మధ్య ఎన్ని అడుగులో వచ్చిన వారానికే చెప్పేసింది.

మాస్టారు లేని ఆ మూడు నెలల్లో నేను చురుగ్గా పనిచేసి చూపించాలనుకున్నాను. ఆన్‌లైన్లో వెతికి తాజ్ మహల్, చార్మినార్, కుతుబ్ మీనార్, ఇంకా రెండు మూడు కిట్లు తెప్పించి, అన్నీ అతికించి అల్మరాలో వరసగా పెట్టాను. వెళ్లేముందు ఆయన ఒకటే చెప్పారు, ఏది కొన్నా దాని స్కేలు ఎంతో, అంటే అసలు కట్టడంలో అది ఎన్నో వంతో, బ్రెయిల్‌లో రాసి అడుగున అంటించమని. పెట్టెల మీద ఎన్ని ముక్కలో, ఎన్నేళ్ల పిల్లలు ఆడుకోవచ్చో ఉంది గాని స్కేలు ఎక్కడా లేదు. లేనిదాన్ని ఎక్కడ తెచ్చి రాయను అని ఊరుకున్నాను. ముత్తెకు వాటిలో తాజ్ మహల్ ఇష్టం. రోజూ దాన్ని ఒళ్లో పెట్టుకుని గుమ్మటం నిమిరేది.

మాస్టారు తిరిగొచ్చిన రెండో రోజే జిల్లా నుంచి ఒక పెద్ద అధికారి మా బడి చూడ్డానికి వచ్చారు. మంచాయనే. అల్మరా చూసి మెచ్చుకున్నారు, నేను పొంగిపోయాను. పిల్లల్ని మాట్లాడిద్దామని ముత్తెను పిలిచి, హిందీలో, తాజ్ మహల్ పెద్దదా మీ బడి పెద్దదా అని అడిగారు. ముత్తె తడుముకోలేదు. "స్కూల్ బడా హై సాబ్. తాజ్ మహల్ తో మైనే గోద్ మే ఉఠాయా హై," అంది. బడే పెద్దది, తాజ్ మహల్‌ను నేను ఒళ్లో పెట్టుకున్నాను కదా అని. ఆయన పెద్దగా నవ్వారు. ఆయనతో వచ్చినవాళ్లు నవ్వారు. చెడ్డగా నవ్వారని అనను, ముద్దుగా ఉందనే నవ్వారు. ఒకతను ఇంకోసారి చెప్పమని ఫోను పట్టుకున్నాడు. నేను కూడా నవ్వాను. ముత్తె ముఖం ఒకసారి నా వైపు తిరిగింది. ఆ తర్వాత ఎవరేమడిగినా నోరు తెరవలేదు.

మర్నాడు కూడా తెరవలేదు. తాజ్ మహల్ చేతికిస్తే చేతులు వెనక్కి పెట్టుకుంది. మా పిల్లలు చేతులు వెనక్కి పెట్టుకుంటే చూడనని చెప్పినట్టే. మూడో రోజు హాస్టల్ మెట్ల మీద పక్కన కూర్చుని బతిమాలితే నాలుగు ముక్కలు మాట్లాడింది.

"దసరాకు నాయనొస్తడు. పోత. మల్ల రాను."

"ఎందుకే?"

"ఈడ అబద్ధం జెప్తరు. తాజ్ మహల్ అని చేతిల పెట్టిన్రు. అది కాదంట. నవ్విన్రు."

నేను మాస్టారి దగ్గరికి వెళ్లి, పిల్ల చిన్న విషయానికి అలిగింది, రెండు రోజుల్లో సర్దుకుంటుంది అన్నట్టు చెప్పాను. ఆయన అల్మరాలోవన్నీ బల్ల మీద పెట్టించుకుని, స్కేలుతో ఒక్కొక్కటీ కొలిచారు. తాజ్ మహల్ పన్నెండు సెంటీమీటర్లు. కుతుబ్ మీనార్ పందొమ్మిది. చార్మినార్ పద్నాలుగు. "పెట్టెలన్నీ ఒకటే సైజు కదా, అందులో పట్టేటట్టు చేశారు," అన్నారు. స్కేలు జేబులో పెట్టుకుని, "ఆ గుంట తప్పేటుందమ్మా ఇందులో?" అన్నారు. ఆయన వైపు గుంట అంటే ఆడపిల్ల. "నువ్విచ్చిన తాజ్ మహల్ జానెడు లేదు. బడి చుట్టూ అది రోజూ నడుస్తాది. అడిగారు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. లెక్క తప్పు ఇచ్చింది మనం."

నేను తల ఊపాను, ఆయనకు కనబడదని తెలిసి కూడా.

"మిగతావాళ్లు బయటివాళ్లు. నీ నవ్వు కూడా నాకు వినబడింది."

అంతే అన్నారు. గొంతు పెంచలేదు. ఆయన దగ్గర పనిచేసిన తొమ్మిదేళ్లలో నాకు తగిలిన దెబ్బ అదొక్కటే. అది నాకు కావలసిన దెబ్బే.

దసరాకు ఇంకా అయిదు వారాలు ఉంది. ఆ లోపల అన్ని కట్టడాలూ ఒకే స్కేలులో ఉన్న కిట్లు సంపాదించి ముత్తె ముందు పెట్టాలి, అదీ పని. తేలిగ్గా దొరుకుతాయనే అనుకున్నాను. రాయ్‌పూర్‌లో ఒక దుకాణానికి ఫోను చేసి, మీ దగ్గరున్న మోడళ్ల స్కేలు ఎంత అని అడిగితే, "పదిహేను సెంటీమీటర్లదా, ముప్ఫయ్యా? ప్లాస్టిక్ కావాలా, స్టీలు కావాలా?" అన్నాడు. విశాఖ దుకాణంలో అమ్మాయి ఓపిగ్గా పెట్టెలన్నీ తిరగేసి, "స్కేలు లేదండీ, బ్యాటరీ కూడా లేదండీ," అంది. ఆన్‌లైన్లో వెతగ్గా వెతగ్గా స్కేలు రాసి ఉన్నవి కొన్ని దొరికాయి, కానీ ఒక్కొక్కటీ ఒక్కో స్కేలు. ఈఫిల్ టవరూ ఒక మామూలు చర్చీ బల్లమీద భుజం భుజం కలిపి నిలబడేట్టు ఉన్నాయి. వారం తర్వాత చేతులెత్తేసి మాస్టారికి చెప్పాను. ఆయనకు నాకంటే ముందే తెలుసని ఆ ముఖం చూస్తే అర్థమైంది. మరి నన్నెందుకు వెతకనిచ్చారంటే, "వెతికితే నీకు తెలుస్తాది. నేను చెబితే వింటావు, అంతే," అన్నారు.

ఆ పూటే స్కేలు ఖాయం చేశారు. రెండు వందలకు ఒకటి. ఎందుకు అదే అంటే, హాస్టల్ వంటింట్లోంచి గుప్పెడు వడ్లు తెప్పించి ఒక గింజ నా అరచేతిలో పెట్టారు. ఎనిమిది మిల్లీమీటర్లు. "మనిషిని రెండు వందల వంతు చేస్తే ఇదిగో, ఇంత. వడ్లగింజ ఎరగని పిల్ల మన బళ్లో లేదు. ముందు మనిషిని పెట్టి, ఆ పక్కన మిగతావి కడదాం." కిట్లు పారేయలేదు. వాటి ముక్కలు మాకు ప్లానులయ్యాయి. తాజ్ మహల్ తేలిక, ప్రతి ముక్కనూ సరిగ్గా మూడింతలు చేయాలి. చార్మినార్ నా ప్రాణం తీసింది. నేను ముక్క కొలత చెబితే ఆయన మనసులోనే లెక్క కట్టి పెద్ద కొలత చెప్పేవారు, నేను దళసరి అట్ట మీద గీసి కోసేదాన్ని. కోసిన ప్రతిదీ ఆయన గోరు కింద పరీక్షకు పోయేది. "రెండు మిల్లీలు ఎక్కువ కోశావు" అంటే మళ్లీ కోయడమే. ముందు మా బడి చేశాం. రెండు సెంటీమీటర్ల ఎత్తు, అరచేతిలో ఇమిడిపోయింది. ముత్తె వరండా చివర గోడకు ఆనుకుని అన్నీ వింటూ ఉండేది, దగ్గరికి వచ్చేది కాదు.

తాజ్ మహల్‌కు గుమ్మటం ఇంకా పెట్టకముందే వాళ్ల నాన్న వచ్చేశాడు. సన్నగా, పొడుగ్గా, చేతిలో గొడుగుతో గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "పిల్ల మల్ల రానంటాంది సారూ. నేను బలవంతం జెయ్య," అన్నాడు మెల్లగా. నేను ఏదో సర్ది చెప్పబోతే మాస్టారు వద్దని చెయ్యి ఊపి ముత్తెను దగ్గరికి పిలిచారు. "ఎల్లు. నిన్ను ఆపను. నాకొక్క సాయం చేసిపెట్టు. తాజ్ మహల్ కొలతలు లోకంలో అందరి దగ్గరా ఉన్నాయి. మీ ఇంటి కొలతలు ఎవరి దగ్గరా లేవు. నాకు కావాలి."

"ఎందుకు?" అంది ముత్తె.

"బల్ల మీద మీ ఇల్లు లేదు కదా మరి."

ముత్తె వాళ్ల నాన్న చెయ్యి అందుకుంది. బస్సు ఎక్కేదాకా వాళ్ల వెనకే నడిచాను. కిటికీ దగ్గర కూర్చోబెట్టి చెయ్యి పట్టుకుంటే విడిపించుకోలేదు, పట్టుకోనూ లేదు.

సెలవులయ్యాయి. బడి తెరిచిన రోజు పిల్లలందరూ వచ్చారు, ముత్తె రాలేదు. మర్నాడూ రాలేదు. వాళ్ల పల్లెలో ఫోను అందదు. నాకు పనిమీద మనసు నిలవక, ఇంక ఈ బొమ్మలు ఎవరికోసం మాస్టారూ అన్నాను. "గుమ్మటం మిగిలిపోయింది కదమ్మా," అన్నారు. గుమ్మటం మాకు కుదరడం లేదు. అట్టను ఎన్ని రకాలుగా వంచినా కింద ఉబ్బి పైకి మొనతేలే ఆ ఆకారం రాలేదు. ఆయన నన్ను ఆదివారం సంతకు తీసుకెళ్లమన్నారు. ఇక్కడివాళ్లు నీళ్లూ కల్లూ పోసుకునే ఎండు సొరకాయ బుర్రలు, తుంబాలంటారు, ఒక ముసలమ్మ కుప్ప పోసి కూర్చుంది. మాస్టారు నేలమీద గొంతుక్కూర్చుని ఒక్కో బుర్రనూ తడిమి, స్కేలు ఆనించి, పది సెంటీమీటర్ల వెడల్పున్న చిన్న బుర్ర పట్టుకుని లేచారు. షాజహాను మేస్త్రీలు కూడా ఇదే చూసి కట్టి ఉంటారని దారంతా ఒకటే పొంగు. తిరగేసి పెడితే అతికినట్టు కుదిరింది.

పదో రోజు పొద్దున ప్రార్థన అవుతుంటే ముత్తె వచ్చింది. వెనక వాళ్ల నాన్న, అదే గొడుగు. "పండగ లేదు, పని లేదు సారూ. తాడు పట్టుకుని గోడలెంబడి తిరుగుడే. రెండుసార్లు తప్పిందని మల్ల మొదటికెల్లి కొలిచింది," అన్నాడు. ఫిర్యాదులా అందామనుకున్నాడు గాని గొంతులో మురిపెం దాగలేదు. ముత్తె సంచిలోంచి నార తాడు చుట్ట తీసి మాస్టారి చేతిలో పెట్టింది. మూరకో ముడి. ఆయన తాడును వేళ్ల మధ్య జారవిడుస్తూ ముడులు లెక్కపెట్టారు. తొమ్మిదో ముడి దగ్గర ఆగారు.

"ఇదేటి, ఇక్కడ రెండు ముడులు ఆనుకున్నాయి?"

"తలుపు ఆడ మొదలు. మల్ల రెండు ముడులొచ్చిన కాడ తలుపు అయిపోద్ది."

"ఈ చిక్కుముడి?"

"మూల. ఆడికెల్లి గోడ మలుగుద్ది."

మాస్టారు తాడును మళ్లీ మొదటి ముడి నుంచి వేళ్లతో తడుముకుంటూ వచ్చారు. "ఇది ప్లానమ్మా," అన్నారు, ముత్తెతోనో నాతోనో తెలియలేదు. "చూపు పోయాక ఎవరో చదివి వినిపిస్తేనే నాకు ప్లాను. నా అంతట నేను ఒక ప్లాను చదవడం ఇన్నేళ్లకి ఇదే." ఆయన కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదలు, అదే చివర. తర్వాత స్కేలు తీసి ముత్తె మోచేతి నుంచి వేలి కొసదాకా కొలిచారు. ముప్ఫై అయిదు. పిల్ల మూర కదా. ఆ లెక్కన ఇల్లు నాలుగు సెంటీమీటర్ల పొడుగు కూడా తేలలేదు, కప్పు మొన దాకా ఒకటిన్నర సెంటీమీటరు లోపే. సాయంత్రానికి నేను కోసి అతికించి ఇచ్చాను. అగ్గిపెట్టె అంత కూడా లేదు. ముత్తె తలుపు వెతికి పట్టుకుని, "ఈడనే," అంది.

అప్పుడు బల్ల దగ్గరికి వచ్చింది. తనకు గింజ కావాలంది. ఇస్తే వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇవి పొడుగు వడ్లు. నేను గంత లేను. పొట్టి వడ్లు కావాలె," అని పేచీ పెట్టింది. వంటింట్లో వెతికి పొట్టి గింజ తెచ్చేదాకా ఒప్పుకోలేదు. దాన్ని తన ఇంటి ముందు పెట్టుకుంది. అక్కణ్నుంచి చెయ్యి మెల్లగా జరుపుకుంటూ తాజ్ మహల్ అరుగు తాకింది. అరుగు చివరదాకా పోవడానికి రెండు చేతులూ చాపాల్సి వచ్చింది. గోడ పట్టుకుని పైకి పోయింది, పోతూనే ఉంది, బుర్ర దగ్గరికి చేరి ఆగింది. మళ్లీ కిందికి వచ్చి నడిమి ద్వారం కొలిచింది. తన ఇల్లు తీసి ద్వారం పక్కన ఆనించి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వేలితో గుర్తు పెట్టుకుంటూ లెక్కపెట్టింది. పదకొండు ఇళ్లు పట్టాయి. ముఖం తెల్లబోయింది. నాకు భయం వేసింది, ఈ పిల్లకు తన ఇల్లు మరీ చిన్నదని చెప్పినట్టయిందా అని.

"గింత ఇంట్ల ఎంతమంది ఉంటరు తాతా?" అని అడిగింది.

"ఎవరూ ఉండరు."

"ఏంది?"

"సమాధులు ఉంటాయి. ఒక రాజు, ఒక రాణి. ఇద్దరే."

"చచ్చినోళ్లా?"

"ఆ."

ముత్తె చెయ్యి ఇంకా ఆ ద్వారంలోనే ఉంది. తర్వాత నవ్వు మొదలైంది, ముందు ముక్కులోంచి, ఆపైన కడుపు పట్టుకుని. "చచ్చిన ఇద్దరికి గింతనా! మా ఇంట్ల బతికినోళ్లం తొమ్మిదిమందిమి!" అంది. మిగతా పిల్లలు ఎగబడి వచ్చి వాళ్లూ చేతులు పెట్టి చూసి నవ్వారు. మాస్టారు దగ్గొచ్చేదాకా నవ్వారు. గుమ్మం దగ్గర వాళ్ల నాన్న కూడా నవ్వుతున్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ముత్తె ఆ నవ్వుతో మా అబద్ధాన్ని మాఫీ చేసిందని అనిపించింది. ఆమె తేల్చినట్టు తాజ్ మహల్‌ను నేనెప్పుడూ చూడలేదని కూడా అనిపించింది.

సాయంత్రం వాళ్ల నాన్న ఒక్కడే బస్సెక్కాడు.

ముత్తె మా దగ్గర ఇంకో అయిదేళ్లు చదివి ఇప్పుడు జగదల్‌పూర్‌లో ఇంటర్ చదువుతోంది. మాస్టారు ఆ తర్వాత చివరిదాకా కిట్లు తెప్పిస్తూనే ఉన్నారు, నేను పెద్దవి చేస్తూనే ఉన్నాను. ఆయన నాకు పాఠంలా చెప్పినవి తక్కువ. చేస్తుంటే పక్కన ఉండనిచ్చారు, తప్పు చేసినప్పుడు ఎక్కడ తప్పానో కొలిచి చూపించారు. ఆయన పోయారని తెలిసిన రోజు నేను తరగతిలో ఉన్నాను. ఒక చిన్నవాడు సముద్రం గురించి ఏదో అడ్డదిడ్డంగా చెప్పాడు, పిల్లలు గొల్లుమన్నారు. కబురు చెవిలో పడేసరికి నేను వాడి దగ్గరికి వెళ్లి, సముద్రమంటే ఏమిటని నీకెవరు చెప్పారురా, ఏం తాకించారు అని అడుగుతున్నాను. చెప్పింది నేనే. కిందటి వారం ఒక బకెట్టు నీళ్లలో చెయ్యి పెట్టించి, సముద్రం ఇలాగే ఉంటుంది, చాలా పెద్దది అని చెప్పాను.

ఇప్పుడు నా దగ్గర పిల్లలు వింత జవాబులు చాలానే చెబుతారు. నాకు నవ్వు రాదు. ముందు ఆ పిల్ల చేతిలో నేనేం పెట్టానో చూసుకుంటాను. తప్పు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.